నొప్పి లేని పుండు

"అన్నా, నీ చెప్పు నిండా రక్తం!"

పక్క బల్ల ఆమె అరిస్తేగానీ మేస్త్రి కిందికి చూసుకోలేదు. బూట్ల ఫ్యాక్టరీలో అట్టలకు బంక రాసే పని ఇద్దరిదీ. నమాజులో నేలకు ఆని ఆని ఇరవై ఏళ్లుగా అతని ఎడమ చీలమండ మీద నల్లగా గట్టిపడిన కాయ నిలువునా పగిలింది. కారిన రక్తం మడమ దగ్గర గడ్డకట్టింది కూడా. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే చూశాడు.

"నమాజు కాయ. రోజుకు ఐదుసార్లు నేలకేసి రుద్దితే పగలక ఏం చేస్తుంది?"

"ఇరవై ఏళ్లుగా రుద్దుతున్నాను సార్, ఎప్పుడూ పగల్లేదు. నుదుటి మీదదీ, మోకాళ్ల మీదవీ ఎప్పట్లాగే ఉన్నాయి. పైగా నొప్పే లేదు."

"లేకపోతే సంతోషించు."

పోయిన నెల భార్య పొరపాటున కాలి మీద వేడినీళ్లు ఒంపితే, బొబ్బ లేచాకగానీ మేస్త్రికి తెలియలేదు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. "కాయను కాదు, కాలిని చూపించుకో" అని ఆవిడ అప్పుడే పోరింది. ఆరు నెలల కిందట త్వరగా ఆరే, ఘాటు వాసనేసే కొత్త బంక వచ్చింది. దుమ్ము అంటుకుంటుందని కిటికీలన్నీ మూయించారు. అప్పటినుంచే ఈ తిమ్మిరి.

ఆ మాటే చెప్పబోతుండగా మేనేజరు కాగితంతో వచ్చాడు.

"గాయం నీ ప్రార్థన వల్ల వచ్చింది, ఫ్యాక్టరీకి సంబంధం లేదని రాశాం. సంతకం పెట్టి, మానేదాకా ఇంట్లో కూర్చో. మీ వాళ్లకి ప్రతిదీ రచ్చే!"

"రచ్చ చేసింది నేను, ఆయన కాదు" అంది గుమ్మంలోంచి పక్క బల్ల ఆమె.

"నిన్నెవరు రమ్మన్నారు? పోయి పని చూసుకో."

ఆమె కదల్లేదు. చెప్పు విడిచి, పాదం ఎత్తి డాక్టరు ముందున్న స్టూలు మీద పెట్టింది. కాయ లేదు, మచ్చ లేదు. చీర కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసు తీసి బొటనవేలి పక్కన గుచ్చుకుంది. మొన సగం దిగింది. ఆమె ముఖంలో ఒక్క గీత మారలేదు.

"నేను నమాజు చెయ్యను డాక్టరుగారూ. నాకెందుకు తెలియట్లేదో చెప్పండి."

డాక్టరు ఈసారి కుర్చీలోంచి లేచాడు. ఏదో అనబోయి మేనేజరు వైపు చూసి ఆగిపోయాడు.

"నీకూ ఇదేనా చెల్లీ?" మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. "ఒక్కసారీ చెప్పలేదే?"

"నీకు పగిలింది కాబట్టి కనబడింది. మాకు కనబడేందుకు ఏముందన్నా?"

మేనేజరు పెన్ను మూత తీసి మేస్త్రి చేతిలో కుక్కాడు. "ముందు నువ్వు పెట్టవయ్యా!"

మేస్త్రి పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"పెట్టను."

మేనేజరు విసురుగా వెళ్లి తలుపు మూయబోయాడు. మూతపడలేదు. బయట బంక విభాగంలోని ఆడవాళ్లు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఒక్కొక్కరే వంగి చెప్పులు విడుస్తున్నారు.