ముక్కు మీద వేలు

డ్రిల్లు మాస్టారు నోరు తెరవడం మానేసి వారం దాటింది. చెంచా పెదవికి తగిలితే చాలు, పళ్ళు బిగబట్టి తల గోడవైపు తిప్పేసుకుంటున్నాడు. ఒకప్పుడు ఆయన ఈల వేస్తే మైదానం మొత్తం కొయ్యబారిపోయేది. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరి, నోట్లో పెట్టిన ముద్దను ఏం చెయ్యాలో కూడా ఆయనకు తెలియడం లేదు.

వార్డు పక్కనున్న చిన్న గదిలో డాక్టరమ్మ ఆయన భార్యనూ కూతురినీ కూర్చోబెట్టింది. భార్యను పేటలో అందరూ టైలరమ్మ అంటారు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

"ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పంపొచ్చు. కానీ జబ్బు ఇంతదూరం వచ్చాక దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ, సుఖంగా ఉంటారని గానీ నేను చెప్పలేను. పీకేసుకుంటారు, చేతులు కట్టాల్సొస్తుంది. దానికన్నా ఓపిగ్గా, తిన్నంతే తినిపించడం మేలు."

"అలాగే చేద్దాం డాక్టరుగారూ," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

"గొట్టమే పెట్టండి," అంది టైలరమ్మ.

"బాధపడతారమ్మా."

"ఆకలితో పోతుంటే చూస్తూ కూర్చోలేను తల్లీ. పెట్టండి."

ఆ గొంతులోని వణుకును డాక్టరమ్మ ప్రేమ అనుకుంది. కొన్నాళ్ళు చూద్దాం, పడకపోతే తీసేస్తానని షరతు పెట్టి ఒప్పుకుంది.

వరండాలోకి రాగానే కూతురు తల్లి చెయ్యి పట్టుకు ఆపింది. "అంత వివరంగా చెప్పినా వినవేంటమ్మా? ఆ గొట్టం ఎంత నరకమో తెలుసా నీకు?"

"తెలుసు. నాకూ వేశారు."

కూతురు పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"తమ్ముడు పుట్టి పోయినప్పుడు నేను అమ్మమ్మ దగ్గరున్నానని చెప్పాడు కదా మీ నాన్న? పిచ్చాసుపత్రిలో ఉన్నాను. ఒళ్ళో బిడ్డ చల్లబడిపోతే నాకు ముద్ద దిగలేదే. అంతే నేను చేసిన తప్పు. అక్కడి నర్సమ్మ పాపం, నాలుగు రోజులు బుజ్జగిస్తే తింటుందండీ అని బతిమాలింది. 'బుజ్జగింపులు నాకు చేతకావు. దీనిది దిగులు కాదు, పొగరు. గొట్టం వెయ్యండి, తల నేను పట్టుకుంటా' అన్నాడు మీ నాన్న. పట్టుకున్నాడు కూడా. వద్దండీ, వద్దండీ అని నేను ఏడుస్తుంటే, బంతిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నేను కాస్త గొంతు పెంచితే మీ నాన్న ఏం చేసేవాడో గుర్తుందా?"

కూతురికి గుర్తుంది. చుట్టాల మధ్య, భోజనాల దగ్గర, అమ్మ ఏదైనా ఎదురు చెప్పబోతే నాన్న చిరునవ్వుతో తన ముక్కు మీద వేలు పెట్టుకునేవాడు. అమ్మ వెంటనే తల వంచుకునేది.

"అదేదో మీ ఇద్దరి సరసమనుకున్నాను," అంది కూతురు. "మా ఆయనకు కూడా చెప్పి నవ్వుకున్నానమ్మా."

"మళ్ళీ ఆ గొట్టం దగ్గరికి పంపించనా అని దానర్థం," అని టైలరమ్మ వార్డులోకి నడిచింది.

గొట్టం వేసేటప్పుడు తల పట్టుకోవడానికి ఆయా రాబోతే, తానే పట్టుకుంటానంది. రెండు అరచేతులూ ఆయన చెవుల మీద వేసి బిగించింది. "మింగండి మాస్టారూ, మింగండి," అంటూ నర్సు గొట్టాన్ని లోపలికి తోసింది. ఆయన వీపు విల్లులా లేచింది, కళ్ళ వెంట నీళ్ళు కారి ఆమె వేళ్ళను తడిపాయి. ఆమె చేతులు సడలలేదు. ఎన్నో ఏళ్ళుగా లోపల రగులుతున్నది కాస్త చల్లారినట్టయింది.

ఆ సాయంత్రమే ఆయన గొట్టం పీకేశాడు. మర్నాడు మళ్ళీ వేసి, చేతులకు గుడ్డ సంచుల్లాంటి తొడుగులు తొడిగి మంచానికి కట్టారు. టైలరమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని, క్యారేజీ విప్పి, ఒక్కో ముద్దా నింపాదిగా నమిలి తినేది. అంత రుచిగా అన్నం తిని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. తిన్నాక చెయ్యి కడుక్కొని ఆయన చెవి దగ్గరికి వంగేది. పెళ్ళయినప్పటి నుంచి 'ఏమండీ' తప్ప అనని మనిషి, ఇప్పుడు నువ్వు అనేది.

"నేనెవరో తెలుసా? నువ్వు తల పట్టుకున్నావే, దాన్ని. ఇది ఎందుకో తెలుస్తోందా నీకు?"

ఆయన పైకప్పుకేసి చూసేవాడు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చేది.

"ఇంక చాలమ్మా," అంది కూతురు, ఒకరోజు గుమ్మంలో నిలబడి అంతా విని.

"నీకు చాలేమో."

తరువాత ఒక రోజు గట్టిగా దగ్గుతుంటే గొట్టం బయటికి వచ్చేసింది. నర్సు కొత్తది పట్టుకొచ్చింది. ఆమె చేతిలోది చూడగానే మాస్టారు బెదిరిపోయాడు. పక్క సర్దడానికని ఆయా కట్లు విప్పిన చేతులతో, ఆ తొడుగులతోనే, టైలరమ్మ మణికట్టు లాక్కుని ఆమె ఒళ్ళో ముఖం దాచుకున్నాడు.

"అమ్మా, వాళ్ళని పొమ్మనవే," అన్నాడు. కొన్ని నెలల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి మాట.

టైలరమ్మ ఒళ్ళు మండిపోయింది. తను పెట్టించిన హింస నుంచి తన దగ్గరికే పారిపోయి వచ్చాడు! భయపడాల్సింది తనను చూసి. ఈ మనిషి భయమంతా ఏ పాపం ఎరుగని నర్సు మీదికి పోయింది, నమ్మకమంతా తన ఒళ్ళోకి వచ్చి పడింది. ఎవరికి చెప్పుకోవాలి? ఆమె ఆయన తలను దిండు మీదికి నెట్టి లేచి నిలబడింది.

"వెయ్యొద్దు, తీసుకుపోండి," అంది. నర్సు జాలిగా చూస్తే, ఆ చూపు కూడా భరించలేకపోయింది.

ఆ తరువాత కూతురు వచ్చి చెంచాతో తినిపించేది. తిన్న రోజు తిన్నాడు, లేని రోజు లేదు. మరుసటి నెలలో, నిద్రలోనే పోయాడు. టైలరమ్మ ఏడవలేదు. కసి తీరకుండానే మనిషి చేజారిపోయాడన్న ఉక్రోషం మాత్రం ఉండిపోయింది.

బళ్ళో సంతాపసభ పెట్టారు. హాలు కిటకిటలాడింది. పాత విద్యార్థులు ఒకరి వెనక ఒకరు లేచి, మాస్టారు బెత్తం లేకుండా చూపుతోనే దారిలో పెట్టేవారన్నారు. ఆయనకు చివరిదాకా చంటిబిడ్డకు చేసినట్టు సేవ చేసిన ఇల్లాలిని పొగిడారు. "అమ్మగారు ఒక రెండు మాటలు..." అని మైకు ఆమె చేతికిచ్చారు.

ఆమె లేచింది. "మీ మాస్టారు నన్ను పిచ్చాసుపత్రిలో పడేసి, ముక్కులో గొట్టం వేయించారు. బిడ్డ పోయాడని ముద్ద ముట్టనందుకు," అంది. "మొన్న నేనూ ఆయనకు అదే వేయించాను. మీరు సేవ అంటున్నది అదే. ఆయన కోసం చెయ్యలేదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. సభ నడిపిస్తున్నాయన గబగబా వచ్చి, "అమ్మగారు దుఃఖంలో ఏదో..." అంటూ మైకు అందుకోబోయాడు.

ముందు వరసలోంచి కూతురు లేచి ఆయనకు అడ్డంగా నిలబడింది. ముఖం పాలిపోయింది గాని, గొంతు తొణకలేదు.

"కూర్చోండి సార్," అంది. "అమ్మ మాట్లాడుతోంది."