తహశీల్దారు అడిగిన మాట

"అండమాన్‌కు పంపించేసినారత్తా!" లాప్‌టాప్ ముందు నుంచి ఇర్ఫానా అరిచింది. వంటింట్లో మిక్సీ హోరులో ఉన్న మేరాజ్ బీకి అందులో సగమే అందింది.

"అమాన్‌ను పంపించేసినారా? యాడికి? ఓ అల్లా, నా చిన్నోడు!" అని ఆమె పెట్టిన కేకకు ఉరవకొండలో ఆ వీధి వీధంతా గేటు దగ్గరికొచ్చింది.

"అమాన్ కాదత్తా, అండమాన్. నూటిరవై ఏండ్ల నాటి మాట," అని ఇర్ఫానా అత్తను లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది.

ద్వీపాంతర శిక్ష పడ్డవాళ్ల పాత కాగితాలు చదివి టైపు చేయడం ఇర్ఫానా పని. అనంతపురంలో చరిత్ర చెప్పే చంద్రిక మేడం ఫోటోలు తీసి పంపుతుంది, పుస్తకం వేసినప్పుడు ఇర్ఫానా పేరూ వేస్తుంది. ఆ గొలుసుకట్టు రాత ఇర్ఫానాకు తప్ప ఎవరికీ కొరుకుడు పడదు. కాలాపానీ అంటే ఈ సీమలో ఎవరికీ వణుకు పుట్టదు. పానీయే లేనిచోట రంగు ఏదైతేనేం! ఇంట్లో మాత్రం ఆ పనికి పని అనే పేరే లేదు. "ఖాళీగా ఉండి ఏదో చూసుకుంటాండాది" అంటాడు భర్త కలీముల్లా. తెల్లారకముందే లేచే ఆమె దగ్గర బిందెలు తప్ప ఖాళీగా ఉన్నవేవీ లేవు. అతను బెంగళూరు బట్టల కొట్టులో చేరి ఆర్నెల్లు. రోజూ ఫోన్లో "ఒంటరిగా ఉండా" అంటాడు. "వంట రాక ఉండా" అని ఆమె సరిదిద్దుకుంటుంది. మొన్న తీర్పు చెప్పేశాడు: "శుక్రవారం బస్సుకు టికెట్ తీసినా. ఆ చెదల కాగితాలు కట్టిపెట్టి రా." అవి కట్టిపెడితే, తన పేరు అచ్చులో కనబడే చోటు ఆమెకు ఇంకెక్కడా లేదు. రానంటే ఎదురుగా దస్తగిరమ్మను నిలబెడతారు. ఆమె మేరాజ్ బీకి అత్తగారి అవ్వ. తెల్లోళ్లు మొగుణ్ణి ఓడెక్కిస్తే కండ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన ఇల్లాలు. "ఆయమ్మ ఓడ కోసం కాచింది, నువ్వు బస్సెక్కలేవా?" అని అత్త నిన్న కూడా దెప్పింది. పెళ్లయిన నాటి నుంచీ గుచ్చుకుంటున్న ఆ పేరు కోసమే, ఉరవకొండ కాగితాల కట్ట దొరికితే పంపమని ఇర్ఫానా మేడంను ఎప్పుడో అడిగి పెట్టింది.

ఇప్పుడు తెర మీద ఆ పేరే.

"చదువు," అంది మేరాజ్ బీ.

ఖైదీ అక్కడ బుద్ధిగా నడుచుకున్నాడట, భార్యను పంపమని అర్జీ పెట్టుకున్నాడట. తహశీల్దారు ఆమెను పిలిపించి, పోవుటకు సమ్మతమా అని అడిగాడు. కింద దస్తగిరమ్మ వాంగ్మూలం, వేలిముద్ర: "నాకు సమ్మతము లేదు. ఇక్కడ నా చేను ఉన్నది. అతడు పోయిన నాటి నుండి నాకు దెబ్బలు లేవు. నిద్ర పట్టుచున్నది."

"ఆయమ్మ ఎదురుచూడలేదత్తా. రానన్నది. రెండేండ్లకు మళ్లీ అడిగినారు. మళ్లీ రానన్నది."

మేరాజ్ బీ తెర మీది ఆ నల్లటి ముద్రపై తన వేలు ఆనించింది.

"ఆయమ్మను సర్కారోళ్లన్నా అడిగినారు. నన్నెవురూ అడగల్యా." కోడలి వైపు తిరిగి, "నిన్ను వాడు అడిగినాడా?"

"లేదు. టికెట్ తీసినా అన్నాడు."

"అయితే నేనడుగుతాండా. పోతావా?"

"పోను."

ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ గొంతులో అంత చోటు ఎలా ఆక్రమించిందో!

గేటు దగ్గర పక్కింటి చౌడమ్మ ఆగలేకపోయింది. "ఏమక్కా, అమాన్‌ను యాడికి పంపినారో చెప్పవేం?"

మేరాజ్ బీ కొంగు సర్దుకుని బయటికి నడిచింది.

"నా చెవులు మండ! అమాన్ కణేకల్‌లో ట్రాక్టర్ తోలుకుంటాండాడు. అండమాన్‌కు పోయింది మా అత్తోళ్ల అవ్వ మొగుడు. ఆయమ్మ పోలేదు, పోనని వేలిముద్ర ఏసింది. నా కోడలూ పోదు. ఇంగ మీరు పోండి."