గ్యోంగ్జులో నాన్న తద్దినం

“దీనికి తలుపెక్కడుందమ్మా?” అని అడిగింది బోంగ్‌న్యో.

ఎదురుగా కొండంత ఎత్తున రాజుగారి సమాధి. చలికి గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగింది. బస్సులో వచ్చిన జనమంతా మెడలెత్తి చూస్తున్నారు. గైడు తాక్ గారు పసుపు జెండా చంకలో పెట్టుకుని నవ్వింది.

“తలుపు లేదమ్మగారూ. పూర్వం ఈ ఊరినుంచి ఏలిన సిల్లా రాజుల్ని లోపల పడుకోబెట్టి, పైన రాళ్ళు పేర్చి, ఆపైన మట్టి పోసేశారు. అందుకే దొంగలు కూడా దూరలేకపోయారు.”

“దొంగల సంగతి సరే. తద్దినం రోజున రాజుగారు బయటికొచ్చి భోంచేసేదెట్లా?”

జనం ఘొల్లుమన్నారు. వెనకాల ఎవరో “ముసలావిడ భలే అడిగింది” అన్నారు కూడా. తైసిక్ ఒక్కడికే నవ్వు రాలేదు. అతను ఆవిడ కొడుకు. యాభై దాటాయి, ఇంచియాన్‌లో నీటి పంపులు అమ్మే కంపెనీలో మేనేజరు. ఆఫీసులో గొంతు బాగానే లేస్తుంది, అమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట గొంతులోనే ఉండిపోతుంది. అమ్మ అడిగింది రాజుగారి గురించి కాదని అతనికి తెలుసు. ఆ సాయంత్రమే నాన్న తద్దినం.

ఇంటి దగ్గర లేకుండా తద్దినమేమిటని ఇప్పుడెవరూ అడగడంలేదు. సెలవులకి ఎక్కడికెళితే అక్కడే, బస చేసిన గదిలోనే, వండినవి తెప్పించి పెట్టేసుకుంటున్నారు. పెళ్ళయినప్పటినుంచీ ప్రతి ఏడూ ఆ వంటంతా ఒంటిచేత్తో చేసిన అతని భార్య సుగ్యోంగ్‌కి ఈమధ్యే మణికట్టు ఆపరేషనైంది. “ఈసారికి గ్యోంగ్జు వెళదామమ్మా, అక్కడే పెడదాం” అని తైసిక్ అంటే బోంగ్‌న్యో చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తకుండా “మీ ఇష్టం” అంది. అమ్మలు మీ ఇష్టం అన్నారంటే అది ఎవరి ఇష్టమో పాలు తాగే పిల్లాడికైనా తెలుస్తుంది. తైసిక్ తెలియనట్టు నటించి డబ్బు కట్టేశాడు.

బస్సెక్కాక ఆవిడ బయటపడింది.

“ఒరే, నన్ను ఇంటికి తీసుకుపో.”

“ఇప్పుడా? ఇంకా గుడి చూడాలి, చెరువు దగ్గర...”

“మీ నాన్న ఇవాళ ఇంటికొస్తాడు. తలుపు ఎవరు తీస్తారు?”

సుగ్యోంగ్‌కి ఒళ్ళు మండింది. “అత్తయ్యా, మిమ్మల్ని అడిగే కదా బయల్దేరాం!”

“మీ ఇష్టం అన్నాను. వెళదాం అన్నానా?”

“మామయ్యగారు మనమెక్కడుంటే అక్కడికే వస్తారు. అందరి ఇళ్ళల్లోనూ వస్తున్నారుగా!”

“ఆ అందరి ఇళ్ళల్లో వాళ్ళకి పోయేదాకా బుర్ర పనిచేసింది. మీ మామకి చేసిందా?”

కూతురు దాబిన్ ఫోన్ లోంచి తలెత్తింది. ఇరవై ఏళ్ళది, వాతావరణం తేలికచేద్దామనుకుంది పాపం. “నాన్నమ్మా, పోనీ తాతయ్యకి తలుపు తాళం నంబరు మెసేజ్ పెట్టేద్దామా?”

“నంబరు గుర్తుంటే మీ తాత చలిలో ఎందుకు నిలబడతాడే!”

దాబిన్ మళ్ళీ ఫోన్లోకి తల దించుకుంది. ఆ రోజు సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మూడు చలికాలాల కిందట ఆయన అలా నడిచివస్తానని వెళ్ళి తిరిగొచ్చేసరికి అంకెలు నొక్కి తీసే తాళం నంబరు మరిచిపోయాడు. తోచినవన్నీ నొక్కాడు. తాళం కీచుమని బిగుసుకుంది. బోంగ్‌న్యో స్నేహితురాళ్ళతో వేడినీళ్ళ స్నానశాలకి వెళ్ళింది, మిగతావాళ్ళు పనుల మీద ఉన్నారు. సొంతింటి నంబరు మరిచిపోయానని పక్కింటివాళ్ళకి చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది. సముద్రపు గాలి కొట్టే వరండాలో చీకటిపడేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగి, నెల తిరక్కుండానే పోయాడు.

తైసిక్ రైలు టికెట్ల కోసం ఫోన్లో వెతికాడు. శనివారం, ఒక్క సీటూ లేదు. గైడుని అడిగితే “ఈ బస్సు రేపు సాయంత్రం గానీ వెనక్కి పోదండీ” అంటూ ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. చివరికి వాళ్ళ అపార్టుమెంటు వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. కాసేపు తలుపు తెరిచిపెట్టమన్నాడు.

“ఎవరైనా వస్తున్నారా సార్?”

తైసిక్ నీళ్ళు నమిలాడు. “మా... మా నాన్నగారు.”

వాచ్‌మన్ మెల్లగా, “ఖాళీ ఇల్లు తెరిచిపెడితే, ఏదైనా పోతే, నా ఉద్యోగం పోతుంది సార్. ఏమనుకోకండి” అన్నాడు. ఏమనుకుంటాడు? ఆయన మాటా నిజమే. అందరి మాటా నిజమే. అదే తైసిక్ ఖర్మ. గుడి మెట్లెక్కుతున్నంతసేపూ అమ్మని చూస్తూ, ఈ మనిషికి ఈ ఒక్క పూట మనశ్శాంతి ఇయ్యలేకపోయానే అని లోపల కుమిలిపోయాడు.

పొద్దువాలాక బసకి చేరారు. తెప్పించిన పెట్టెలు అప్పటికే వచ్చి ఉన్నాయి. పెసరట్లు, ఉడికించిన ఎండుచేప, కందగడ్డ పులుసు, ఎండు రేగుపళ్ళు. సుగ్యోంగ్ కట్టుకట్టిన చేత్తోనే అన్నీ వరస తప్పకుండా సర్దింది. తైసిక్ తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా తన బూటొకటి అడ్డం పెట్టాడు.

“చూడమ్మా, తెరిచే ఉంది. నాన్న వచ్చేస్తాడు.”

“ఎప్పుడూ చూడని ఊరు. సొంతిల్లే దొరకని మనిషికి ఇది దొరుకుతుందా?” అంది ఆవిడ. అని, ఫోన్లన్నీ లాక్కుని మంచం మీద పడేసింది. “ఆ మోతలు వింటే ఆయన బెదురుతాడు.”

తైసిక్ మద్యం పోశాడు, ఫోటో ముందు సాష్టాంగపడ్డాడు, అన్నం గిన్నెలో చెంచా నిలబెట్టాడు. ఇక పెద్దాయన భోంచెయ్యాలి. మనుషులు చూస్తుంటే తినడు గనక అందరూ బయటికెళ్ళి తలుపు వేసి, ఆయన తినేంతసేపు ఆగి, దగ్గి, మళ్ళీ లోపలికి రావాలి. తాతలనాటి పద్ధతి. వరసగా బయటికి నడిచారు. సుగ్యోంగ్ బూటు తీసి లోపల పెట్టింది. తైసిక్ చివర్న వచ్చి, భక్తిగా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.

తాళం చిన్న పాట పాడి దానంతటదే పడింది.

అదేమిటో వెంటనే ఎవరికీ బోధపడలేదు. తలలు వంచుకుని నిలబడ్డారు. గాలికి తెరిచిపెట్టిన వరండా, కాళ్ళకి మేజోళ్ళే, ఒంటి మీద కోటు లేదు. చాలినంతసేపయిందనిపించాక తైసిక్ మూడుసార్లు దగ్గి పిడి తిప్పాడు. కదల్లేదు.

“కార్డేదీ?” అంది సుగ్యోంగ్.

తలుపు తీసే కార్డు లోపల గోడకి గుచ్చి ఉంది, దీపాలు వెలగడానికి. తాళం మీద అంకెలున్నా నంబరెంతో వాళ్ళకెవరూ చెప్పలేదు.

“ఫోన్ తెండి.”

ఫోన్లు మంచం మీద ఉన్నాయి. దాబిన్ కిందికి పరిగెత్తి వగరుస్తూ తిరిగొచ్చింది. “రిసెప్షన్ బల్ల దగ్గర ఎవరూ లేరు నాన్నా. ఏదైనా కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండని బోర్డు పెట్టారు.” సుగ్యోంగ్ నవ్వబోయి ఏడ్చినంత పనిచేసింది. “నేను బయటికి పోయి ఎవరినైనా పట్టుకొస్తాను” అని మేజోళ్ళతోనే కూతుర్ని వెంటేసుకుని దిగిపోయింది.

తైసిక్ తన స్వెటరు విప్పి అమ్మ భుజాల మీద కప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తాళం మీది అంకెలకేసే చూస్తోంది. వేలు చాపి ఒకటి నొక్కింది, ఇంకోటి నొక్కింది. తాళం కీచుమంది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇంత చలా, ఒరే” అంది. “ఇంత చలిలోనా?”

తైసిక్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆవిడ తలుపుకి చెవి ఆనించింది. కింద సందులోంచి దీపం వెలుగూ, పులుసు వాసనా వస్తున్నాయి. పొద్దుటినుంచీ ఆయన ఇక్కడికి రాడు, రాలేడు అని పోట్లాడిన మనిషి, ఇప్పుడు వేళ్ళ కణుపులతో మెల్లగా తలుపు తట్టింది.

“ఏమండీ, భోజనమైందా? మేమేనండీ. తలుపు తియ్యండి.”

లోపలినుంచి చప్పుడు లేదు.

“నా మీద కోపంగా ఉందా? స్నానానికి పోయి ఆలస్యం చేశాను. ఎంతసేపు నిలబడ్డారో ఏమో నాకు తెలియదండీ, తెలిస్తే వచ్చేసేదాన్ని కాదూ! తియ్యండి.”

లోపల ఎవరూ లేరమ్మా అందామని తైసిక్ నోరు తెరిచాడు. అలా అంటే నాన్న రానట్టే. ఉన్నాడంటే, కోపంతో తియ్యనట్టే. అమ్మ పక్కన నిలబడి, తనూ చెయ్యెత్తి తలుపు కొట్టాడు.