నొక్కి చెప్పిన పెట్టె

నేను ఒక మీటల పెట్టెను. తెల్ల రక్తకణాలను రకాల వారీగా లెక్కపెట్టడం నా పని. నాకు నూరు దాకానే లెక్కొచ్చు. అయినా చదువుకున్నవాళ్ల మధ్య ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాను. అంబాలాలో పుట్టి, రైల్లో పార్వతీపురం దిగి, ఒక చిన్న ఆస్పత్రి ల్యాబులో చేరాను. టెక్నీషియన్ హైమావతి మైక్రోస్కోపుకి కన్ను ఆనించి, నా వైపు చూడకుండానే మీటలు నొక్కేది. ఏదైనా నొక్కి చెప్పడమే నా వృత్తి.

తర్వాత పెద్ద మిషన్ వచ్చింది. నిమిషంలో వేల కణాలు లెక్కపెట్టేస్తుంది. నేను కాగితాలు ఎగిరిపోకుండా కూర్చునే ఉద్యోగంలోకి మారాను. భూమికి భారమో కాదో గానీ, రిపోర్టులకు మాత్రం నేనే భారం.

ఆ వానాకాలం ఊరంతా దగ్గు, జ్వరం. వైరస్ అన్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద మిషన్ పడకేసింది. నన్ను దులిపి మళ్లీ పనిలో పెట్టారు.

క్యాంటీన్లో టీ కాచే పోలినాయుడు నాలుగు రోజుల జ్వరంతో వచ్చాడు. ఆక్సిజన్ బాగానే ఉంది. పరీక్షకు రక్తం ఇచ్చేసి, మాత్రలు తీసుకుని ఇంటికి పొమ్మన్నారు డాక్టరుగారు.

“నాకేటమ్మా, గుండ్రాయిలాగున్నాను. రేపు సాలూరెల్లాల. మేనకోడలి పెళ్లి.”

“కాసేపు కూచో నాయుడూ,” అంది హైమావతి. “నువ్వెళ్లకుండా తాళి కట్టరులే.”

నూరు తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్‌లనే రకం ఎనభై నాలుగు, లింఫోసైట్‌లనే రకం ఎనిమిది. మామూలుగా మొదటివి రెండోవాటికి రెండు మూడు రెట్లుంటాయి. ఇక్కడ పది రెట్లు దాటాయి. జబ్బు ముదరవచ్చని అదొక హెచ్చరిక. కానీ నా లింఫోసైట్ మీట అప్పుడప్పుడూ బిగుసుకుంటుంది. మరి ఇది నాయుడి జబ్బా, నా కీళ్లనొప్పా? నా మీద నాకే నమ్మకం లేదు.

హైమావతికీ లేదు. నన్ను పక్కకు నెట్టి, కాగితం మీద గీతలు గీస్తూ మళ్లీ లెక్కపెట్టింది. అవే అంకెలు. తిన్నగా వెళ్లి డాక్టరుగారి ముందు పెట్టింది. నాయుడిని మంచం ఎక్కించేశారు.

“మావఁ లేని పెళ్లి ఏటి పెళ్లమ్మా,” అని సాయంత్రం దాకా సణిగాడు. మర్నాటికి ఆ సణుగుడికి కూడా ఊపిరి చాలలేదు. ఆక్సిజన్ గొట్టం పక్కనే ఉంది. సాలూరు బస్సులో అయితే ఉండేది కాదు.

పదోరోజున కోలుకుని, కొబ్బరికాయ పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. ఆ ముందురోజే బాగై వచ్చిన పెద్ద మిషన్‌కి కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టాడు.

“ఈ తల్లే నా నెత్తురు సదివి, నన్ను బతికించింది.”

హైమావతి నోరు తెరిచేలోగా, కాయ కొట్టడానికి గట్టిదేదైనా ఉందా అని అటూ ఇటూ చూసి, నన్ను తీసి గడప దగ్గర పెట్టాడు. ఒక్క దెబ్బకు రెండు చిప్పలూ సమానంగా పగిలాయి.

ఒకటికి ఒకటి. నా సర్వీసులో ఎవరూ రెండోసారి లెక్కపెట్టి చూడని నిష్పత్తి అదొక్కటే.