జోగారావు పెట్టిన మాక్ డ్రిల్

జోగారావు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నా పరువు ఇలా పోయేది కాదు. మన్సూరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఆయనే ప్రెసిడెంటు. నేను లోడు తోలే డీసీఎం బండి గేటు ముందు పెట్టొద్దన్నాడని గొడవపడి నేను వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. వస్తే మాత్రం, రోజూ మెట్ల మీద ఎదురుపడే మనిషికి నోరు లేదా?

ఆ ఆదివారం బాటసింగారం మార్కెట్లో బత్తాయి లోడు దింపి వచ్చి పడుకున్నాను. నా భార్య ఊరికి పోయింది. ఇంట్లో నేనూ, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని మా అమ్మ ముత్తమ్మా, ఇద్దరమే. గంట గణగణ మోగితే లేచాను. తలుపు తీస్తే వరండా నిండా పొగ. "మంటలు! మంటలు!" అని కింద కేకలు.

బీరువా తెరిచి సంచి లాగాను. నాన్న అమ్మ పేరున కొన్న ప్లాటు కాగితాలు అందులోనే ఉన్నాయి. ఆ ప్లాటు నాకేనని ఇంట్లో ఎప్పుడో అనుకున్నదే.

"ఉపేంద్రా! ఆగురా, జర ఆగు!" అని అమ్మ పిలిచింది.

వినపడలేదని అందరికీ చెప్పాను. వినపడింది. మూడంతస్తులు దిగేదాకా వినపడుతూనే ఉంది.

కింద మంటలు లేవు. పిల్లలు ముక్కుకు తడి రుమాళ్లు కట్టుకుని వరసలో నిలబడి నవ్వుతున్నారు. ఫైర్ స్టేషన్ నుంచి వచ్చినాయన మైకులో చెబుతున్నాడు: పొగలో వంగి నడవాలి, లిఫ్టు ఎక్కొద్దు, సామాను కోసం ఆగొద్దు. నా చేతిలో సంచి చూసి ఆయన మాట ఆపేశాడు.

"ఉపేంద్ర గారూ, అమ్మగారేరండీ?" అన్నాడు జోగారావు.

నేను సంచి వెనక్కి పెట్టుకున్నాను.

"సంచిల పెట్టిండేమో చూడుండ్రి," అన్నాడు రెండో అంతస్తు చక్రపాణి. పిల్లలు కూడా నవ్వారు.

అప్పుడే జోగారావు కొడుకూ వాచ్‌మనూ కలిసి అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో మోసుకుంటూ దించారు. నడవలేనివాళ్లను ఎలా దించాలో చూపించడానికి ఆమెనే ఎంచుకున్నారట. నేను తలుపు దగ్గరగా వేసి నిద్రపోతుండగా జోగారావు భార్య వచ్చి, అమ్మకు విషయం చెప్పి, కొత్త చీర కూడా కట్టించి వెళ్లిందట. ఆ చీర నేను కిందే చూశాను.

అమ్మ సంచి వైపు చూసింది. "ఉత్తదేరా, ఉరకకు అని చెప్పనీకే పిలిచిన బిడ్డా," అంది. తర్వాత కుర్చీ మోసినవాళ్లతో, "జర నీడకు పెట్టుండ్రి అయ్యా," అంది.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. తర్వాతి వారం ఎల్బీనగర్ నుంచి మా చెల్లె సంధ్యారాణిని పిలిపించి, "గా సంచి ఇటియ్యి," అంది. ఇచ్చాను. ఎందుకని అడగడానికి మొహం లేదు.

"అన్నకే ఉండనీయే అమ్మా," అంది చెల్లె.

"రేపు నిజంగ అంటుకుంటే నేను ఎవరింట్ల ఉండాలెనే, నువ్వే చెప్పు."

చెల్లె నావైపు చూసి తలదించుకుంది.

ప్లాటు చెల్లె పేరున రిజిస్ట్రేషన్ చేసే రోజు అమ్మను నేనే ఎత్తుకుని మూడంతస్తులు దించి ఆటోలో కూర్చోబెట్టాను. సాక్షి సంతకం కూడా నాదే. బాటసింగారంలో, రోడ్డు పక్కన, నూట అరవై ఏడు గజాలు.