నూలుకు ఎక్కిన రంగు

సిద్దిపేటలో మగ్గాల నూలుకు రంగులద్దే దామోదర్‌కు తన నల్లని ఒంటిరంగు అంటేనే గిట్టదు. చిన్నప్పటి నుంచి కర్రోడా అంటూ అందరూ అతన్ని ఏడిపించుకు తిన్నారు. కూతురు బాలమణి కూడా అదే రంగుతో పుట్టేసరికి, ఆ పిల్లను ఎత్తుకుని బజారుకు పోవడానికే సిగ్గుపడ్డాడు. బంగారం లాంటి పిల్ల, ఇంటినిండా దాని కబుర్లే. అయినా ఆ మహానుభావుడి కంటికి ఆనలేదు.

తొంభై ఒకటిలో భార్య సుశీలకు మళ్లీ నెల తప్పింది. కడుపులో పిండాన్ని తెల్లగా, బలంగా మార్చే మందు దౌల్తాబాద్ దగ్గర ఒకాయన ఇస్తాడని ఎవరో చెప్పారు. రెండో నెలలోనే, కోడెదూడ ఉన్న ఆవు పాలతో మింగాలట. దామోదర్‌కు అది ఇట్టే నచ్చింది. లోకమంతా తన రంగుతొట్టిలాగే నడుస్తుందని అతని నమ్మకం.

"నూలుకు ఎక్కిన రంగు పోదు. బట్ట నేసినంక ఏస్తే నాలుగు ఉతుకులకే దిగుతది. పిల్లలు గూడ గంతే," అన్నాడు.

సుశీల దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగింది. బిడ్డకు కాళ్లూ చేతులూ ఏర్పడేది ఇప్పుడేనని, ఏం కలిపారో తెలియని పొడి నోట పెట్టవద్దని ఆమె గట్టిగా చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే అత్త లక్ష్మమ్మ గిన్నెలు విసిరికొట్టింది. దామోదర్ అన్నం మానేశాడు. కడుపులో బిడ్డకు వద్దని చెప్పే నోరు లేదు, నోరున్న సుశీల మాట ఎవరికీ పట్టలేదు. చివరికి ఏడుస్తూనే మింగింది.

కొడుకు పుట్టాడు. తెల్లగానే ఉన్నాడు. సుశీల తల్లిదీ అదే రంగు, కానీ ఆ సంగతి ఎవరికి కావాలి? రెండు చేతులకూ వేళ్లు లేవు.

ఆ పొడివల్లేనా అంటే డాక్టరమ్మ ఖాయంగా చెప్పలేనన్నది. చూడవచ్చిన వాళ్లకు లక్ష్మమ్మ మనవడి మొహం మాత్రమే చూపించి, చేతుల మీద గుడ్డ కప్పేది.

బాలింత రోజులు గడవగానే దామోదర్ దౌల్తాబాద్ బస్సెక్కాడు. మందు ఇచ్చినవాణ్ని నిలదీయడానికే పోయాడని సుశీల అనుకుంది. తిరిగివచ్చి ఆమె ముందు ఇంకో పొట్లం పెట్టాడు.

"రంగైతే కుదిరింది గదా. పాళ్లు జర ఎక్కువైనయంట. ఇంకో కాన్పుకని తక్కువ జేసి ఇచ్చిండు."

సుశీల ఒళ్లోని కొడుకు చేతుల మీంచి గుడ్డ తీసేసింది.

"గీ పొట్లం నీ కొడుకు చేతికియ్యి. వాడు పట్టుకుంటే నేను మింగుత."