ఫ్లాస్కమ్మ

ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు మోచేయి తడిపి చూసుకుంది. అందులో పెట్టి తెచ్చే నెత్తురు గొట్టం చల్లబడకుండా నీళ్ళు సరిగ్గా ఒంటి వేడితో ఉండాలి. థర్మామీటరు పక్కనే ఉన్నా ఆమెకు మోచేతి మీదే గురి. ల్యాబులో అందరికీ ఆమె ఫ్లాస్కమ్మ. ఇంట్లో మొగుడు మాత్రం, "నీ నెత్తురు గొట్టాలకున్న యోగం నా కాఫీకి లేదే" అని దెప్పుతుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వేడి కాఫీ తాగిన పొద్దులు తక్కువే, పాపం.

ఇవాళ ఆమెకు నవ్వు రావడం లేదు. పైవార్డులో ఉన్న ముసలి దర్జీ వేళ్ళు చలికి నల్లబడుతున్నాయి. అది వేళ్ళతో ఆగదు, కిడ్నీలకూ పాకుతుంది. చల్లబడితే పేరుకుపోయే ప్రోటీనేదో ఆయన నెత్తురులో ఉందని డాక్టరమ్మ అనుమానం. ఉందని తేలితేనే మందు మొదలుపెడతారు. నిన్న తీసిన నెత్తురును కొత్త అటెండరు, మిగతా వాటిలాగే, ఎంతో శ్రద్ధగా ఐసులో పెట్టి తెచ్చాడు. ఆ ప్రోటీను కాస్తా చలికి పేరుకుని నెత్తుటి గడ్డలో కలిసిపోయింది. ఇక అందులో ఎంత వెతికినా "లేదు" అనే వస్తుంది.

"పాడవకూడదనే కదక్కా పెట్టాను!" అన్నాడతను ఏడుపు మొహంతో.

"తెలుసులేవయ్యా. దీనికి మాత్రం చలి తగలకూడదు." తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

వార్డులో ముసలాయన నరం ఒక పట్టాన దొరకలేదు.

"ఈ ఒక్కసారికి ఓర్చుకో బాబాయ్."

"కానీ తల్లీ. నా బతుకంతా సూదులతోనే గడిచింది." గొట్టం నిండగానే ఆయన తన ఉన్ని గ్లౌజు ఒకటి ఊడదీసి ఇచ్చాడు. "దానికి తొడుగు. నాకంటే దానికే చలెక్కువలా ఉంది."

తలుపు దగ్గర స్ట్రెచరు తగిలి ఫ్లాస్కు కింద పడింది. లోపలి గాజు భళ్ళుమంది, నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. అదృష్టం బాగుండి గొట్టం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని గ్లౌజుతో సహా చంకలో ఇరికించుకుని, ప్రాణాలుగ్గబట్టుకుని మెట్లు దిగింది. వెచ్చని నీళ్ళ తొట్టెలో గడ్డ కట్టనిచ్చి, వేడెక్కించిన యంత్రంలో తిప్పి, పైకి తేలిన పసుపురంగు సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టాకగానీ ఆమె మంచినీళ్ళు ముట్టలేదు. గడ్డ నుంచి వేరయ్యాక ఇక చలి తగిలితేనే ఆ ప్రోటీను బయటపడేది.

ఫలితం తేలడానికి మామూలుగా కొన్ని రోజులు పడుతుంది. అయినా సాయంత్రం ఇంటికి బయలుదేరబోతూ, మనసాగక ఫ్రిజ్ తలుపు తీసింది. గొట్టం అడుగున మీగడలా తెల్లగా పేరుకుని ఉంది. పిడికిట్లో పట్టుకుంటే కాసేపటికి ఆ తెలుపు కరిగిపోయింది. ఇక అనుమానం లేదు.

"ఉందయ్యా, ఉంది!" అని అటెండరుతో అరిచినంత పని చేసింది. గొట్టాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, డాక్టరమ్మకు ఫోన్ చేయమని అతనికి చెప్పి, గ్లౌజు పట్టుకుని పైకి పరుగెత్తింది.

మంచం మీద దుప్పటి లేదు. నర్సు దిండుగలీబు మారుస్తోంది.

"ఇందాకే పోయారక్కా. ఉన్నట్టుండి ఊపిరందలేదు. వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళారు."

"ఉందని చెబుదామని వచ్చాను," అంది. ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియలేదు.

"రెండో గ్లౌజు చేతినుంచి తియ్యనివ్వలేదక్కా, పోయేదాకా," అంది నర్సు.

ఫ్లాస్కమ్మ చేతిలోని గ్లౌజు చూసుకుంది. బొటనవేలి దగ్గర ఆయన వేసుకున్న సన్నని కుట్లు, ఒక్కటీ వదులు కాకుండా ఉన్నాయి.